ఐదు పిడికిళ్ల బియ్యం

బాలామణి పాలల్లో నీళ్లు కలుపుతుందని నేనూ, కలపనని ఆవిడా ఏళ్ల తరబడి పోట్లాడుకున్నాం. ఇప్పుడు ప్యాకెట్ పాలు తాగుతున్నాను. అందులో ఏం కలిపి చస్తున్నారో అడుగుదామంటే గుమ్మంలో మనిషే లేదు. ఆ పోట్లాట ఎంత సుఖమో పోయాక తెలిసింది నాకు.

నా పేరు అరుణకుమారి. మాది తెనాలి దగ్గర. ఆయన ఉద్యోగం మూలంగా హైదరాబాద్‌లోని నాచారం వచ్చి, గుట్ట కింద కాలనీలో ఇల్లు కట్టుకుని, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయాను. బడిలో లెక్కలు చెబుతాను. నోరు మంచిది కాదని పేరు. అబద్ధమేం కాదు.

గుట్టంటే పెద్ద కొండేం కాదు. ఒక పక్క రాయి కొట్టి కొట్టి సగం తినేశారు, అక్కడ క్వారీ గుంత ఉంది. ఇంకో పక్క బస్తీ, పైన పోచమ్మ గుడి. సిటీ చుట్టూ ఎంత పెరిగినా గుట్ట వరకూ అదో చిన్న ఊరు. ఎవరింట్లో ఏ కూరో అందరికీ తెలుసు. బాలామణి వాళ్లకి అక్కడ రెండు గేదెలు, ఒక రేకుల ఇల్లు ఉండేవి. మొగుడు ఉప్పలయ్య సెంట్రింగ్ పనికి వెళ్లేవాడు. వెళ్లని రోజు కల్లు కాంపౌండ్‌లో ఉండేవాడు. తాగితే చెయ్యి చేసుకునేవాడు. ఒక్కతే కూతురు దీప, నా దగ్గర లెక్కలు నేర్చుకుని డిగ్రీలో చేరింది.

ఒకసారి బాలామణి గిన్నెలో పరమాన్నం తెచ్చింది. చూస్తే పచ్చగా ఉంది.

"ఇదేంటి బాలామణీ, కామెర్లొచ్చినట్టు?" అన్నాను.

ఆవిడ చెంపలేసుకుంది. "తప్పు టీచరమ్మా, గట్లనొద్దు. ఒడిబియ్యం ఇవి. మా తల్లిగారు పోసిన్రు."

నాకు అర్థం కాలేదు. మా వైపు సారె పెడతారు కానీ ఇలా కాదు. అప్పుడు గేటు దగ్గరే చతికిలబడి చెప్పింది. పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటివాళ్లు పిలిచి, కొత్తచీర కట్టించి, ముత్తయిదువల చేత పసుపు కలిపిన బియ్యం ఒళ్లో పోయిస్తారట. ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, రవికెగుడ్డ కూడా పెడతారట.

"మల్ల అండ్లకెల్లి ఐదు పిడికిళ్లు తీసి తల్లిగారింట్లనే పెట్టి రావాలె, ఆ ఇల్లు సల్లగుండాలెనని. మిగిలినయి మూట గట్టుకొని తెచ్చి, మనింట్ల వండి పదిమందికి పెట్టాలె. గింజ పారబోసినా పాపం తలుగుతది" అంది.

"పాలల్లో నీళ్లు కలిపితే తగలదా?" అన్నాను. పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

రెండు వేల ఏడులో, మాఘమాసంలో, మళ్లీ ఒడిబియ్యానికి పిలుపొచ్చింది. బాలామణి పుట్టిల్లు ఉప్పల్‌లోనే. తండ్రి లేడు. తల్లి ఐలమ్మ, అన్న భూపాల్, వదిన ఉన్నారు. అన్నాచెల్లెళ్ల మధ్య తండ్రి భూమి గురించి ఏదో గొడవై, కొన్నాళ్లుగా మాటల్లేవు. అలాంటిది భూపాల్ తన వ్యాన్లో స్వయంగా వచ్చి పిలిచాడు. బాలామణి ముఖం చూడాలి ఆ రోజు! ఆ ఆనందంలో పాలు రెండు గరిటెలు ఎక్కువే పోసింది.

"మా అన్న కోపం పోయింది టీచరమ్మా. ఎంతైన అన్న గదా. రేపు పోయి పొద్దుగూకెతల్లకు వస్త. ఎల్లుండి మీ ఇంటికి పచ్చ పరమాన్నం."

ఎల్లుండి పరమాన్నం రాలేదు. పాలూ రాలేదు. రాయి కొట్టేవాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చారు. క్వారీ గుంతలో నీళ్ల పక్కన, రాళ్ల మీద, కొత్తచీరలో బాలామణి పడి ఉంది. కాలు జారిందేమో అనుకున్నాం ముందు. మెడ మీద వేళ్ల గుర్తులు చూశాక ఎవరూ ఆ మాట అనలేదు.

పోలీసులకు ఎక్కువ శ్రమ లేకపోయింది. భూపాల్ తల బాదుకుంటూ వచ్చాడు. "పొద్దుగూకకముందే నేనే ఆటో ఎక్కిచ్చిన సార్. ఒడినిండ బియ్యంతోని నవ్వుకుంట పోయింది నా సెల్లె. ఇంటికాడ ఈడు ఏం జేసిండో!"

శవం దగ్గర బియ్యం మూట లేదు. ఇంట్లోనూ లేదు. ఉప్పలయ్య మాత్రం ఉన్నాడు, కల్లు మత్తు ఇంకా దిగకుండా. మూలన ఒక పెద్ద బెల్లం దిమ్మ ఉంది. ఆ రోజుల్లో బస్తీలో బెల్లం దిమ్మ కనిపిస్తే పోలీసులకు తోచేది ఒక్కటే, గుడుంబా. పెళ్లాం తెచ్చిన బియ్యం తాగుడుకి అమ్మేశాడు, సారా కాయడానికి బెల్లం తెచ్చాడు, ఆమె అడ్డం తిరిగింది, గొంతు పిసికి గుంతలో పారేశాడు. అంతే, కేసు అతికినట్టు సరిపోయింది.

"గది ఒడిబియ్యానికి తెచ్చిన సారూ... పరమాన్నానికి..." అని గొణిగాడు ఉప్పలయ్య. జీపెక్కించేవాళ్లు వినలేదు. నేను విన్నాను. విని, తాగుబోతు వెధవకి సాకులకేం తక్కువ అని పళ్లు కొరికాను. వాడి చేతి దెబ్బలకి బాలామణి బుగ్గ మీద నేనే ఎన్నోసార్లు మందు రాశాను మరి.

దీప ఏడవలేదు. జీపు దగ్గరికెళ్లి, "మా అమ్మను నువ్వే సంపినవ్. నాకు నాయ్న లేడు" అంది. ఉప్పలయ్య తల ఎత్తలేదు. వాణ్ని చర్లపల్లి జైలుకి పంపించారు.

ఇక పిల్లెక్కడుండాలి? గుట్ట మీద ఒక్కతీ ఎలా ఉంటుంది? అంత్యక్రియలు భూపాలే చేయించాడు. తలకొరివి కూడా తనే పెట్టాడు. "నా బిడ్డలెక్క సూసుకుంట మేడం. మూడొద్దులు అయినంక మా ఇంటికి తీస్కపోత. సదివిస్త, పెండ్లి జేస్త" అన్నాడు నాతో. తర్వాత దీప తల నిమిరి, "జర భూమి కాయితాలున్నయి బిడ్డా. మీ అమ్మ బదులు నువ్వు సంతకం జెయ్యాలె. ఫికర్ జెయ్యకు, నేనున్న" అన్నాడు.

ఎంత బాధ్యత గల మనిషి అనుకున్నాను నేను! బుద్ధి గడ్డి తినడమంటే అదే. దీపకి పోవాలని లేదు. "టీచర్, నేను మీ దగ్గరుంట" అని నా చెయ్యి పట్టుకుంది. "మేనమామని మించి నీకెవరున్నారే పిచ్చిపిల్లా" అని నచ్చజెప్పి, దాని బట్టలు నా చేత్తోనే సంచిలో సర్దాను. జిప్పు కూడా నేనే వేశాను.

మూడో రోజు పొద్దున శ్మశానంలో పిట్టకు పెట్టారు. చనిపోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, అందరూ దూరంగా నిలబడి ఎదురుచూస్తారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటిస్తారు.

కాకి రాలేదు. తుమ్మ చెట్టు మీద కూర్చుంది కానీ దిగలేదు. మటన్ పెట్టారు, చేప పెట్టారు, బాలామణికి ఇష్టమని జిలేబీ కూడా పెట్టారు. భూపాల్ చేతులు జోడించాడు. "సెల్లె, నీ బిడ్డను నా కడుపుల పెట్టుకొని సూసుకుంట. ముట్టు సెల్లె." కాకి కదల్లేదు. దీప ముందుకెళ్లి, "అమ్మా, నేను మంచిగ సదువుకుంట" అంది. ఆ మాటకి నాకు కన్నీళ్లాగలేదు. కాకి మాత్రం రాలేదు.

అప్పుడు ఐలమ్మ లేచింది. కూతురు పోయిన దగ్గర్నుంచీ ఆ ముసలావిడ ఒక్క మాట మాట్లాడలేదు. మతి పోయిందన్నారు అందరూ. కొంగు చాటు నుంచి ఆకు పొట్లం తీసి, విప్పి, విస్తట్లో పెట్టి వెనక్కొచ్చేసింది. కాకి రివ్వున దిగి ముద్ద నోట కరుచుకుపోయింది.

"ముట్టింది! ముట్టింది!" అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను మాత్రం విస్తరి వైపే చూస్తున్నాను. అక్కడ మిగిలిన అన్నం పచ్చగా ఉంది. మధ్యలో ఎండుకొబ్బరి ముక్కలున్నాయి.

నా నోటికి తాళం ఎక్కడిది? "అదేంటండీ, ఒడిబియ్యంలా ఉన్నాయే?" అనేశాను పైకే.

భూపాల్ తల్లి వైపు చూశాడు. ఒక్క క్షణం పాలిపోయి, అంతలోనే తేరుకున్నాడు. "అవు మేడం. సెల్లె ఐదు పిడికిళ్లు మా ఇంట్ల పెట్టి పోయింది గదా, అయి. అమ్మ వండినట్టుంది."

"ఒడిబియ్యం కర్మకు వండుతరా ఎక్కడన్న? మొగడు లేనిది ముట్టుడేంది?" అని ఎవరో పెద్దావిడ గొణిగింది. "పోనీయ్, బిడ్డ పోయిన తల్లి" అని ఇంకొకావిడ సర్దిచెప్పింది. నాకూ సబబుగానే అనిపించింది. ఐదు పిడికిళ్ల సంగతి బాలామణి నాకు చెప్పిందేగా. అయినా ఆటో ఎక్కేటప్పుడు, ఎందుకో తెలియదు, దీప సంచి దాని చేతికివ్వకుండా నేనే పట్టుకున్నాను.

ఉప్పల్‌లో భూపాల్ ఇంటి ముందు షామియానా వేశారు. స్నానాలు చేసి అందరూ బంతిలో కూర్చున్నారు. కానిస్టేబుల్ మొగిలయ్య, ఆ పక్క మనిషే, దీప చెప్పినదాని మీద సంతకం తీసుకోవడానికి వచ్చాడు. "తిన్నంక సూద్దం తియ్ అన్న" అని భూపాల్ చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఇంకో పక్క దీప కూర్చుంది. దాని పక్కన నేను, ఒళ్లో ఆ సంచి పెట్టుకుని.

కూరలు వడ్డించారు. అన్నం కోసం చూస్తున్నాం. ఆ రోజు వంట అంతా తన చేతుల్లోకి తీసుకుని ఐలమ్మ తెల్లారకముందే పెరట్లో పొయ్యి పెట్టుకుందట, శ్మశానం నుంచి రాగానే మళ్లీ అక్కడే కూర్చుందట, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదట. ఇద్దరు మనుషులు పెద్ద గంజు మోసుకొచ్చి మధ్యలో దింపారు. మీద తడిగుడ్డ కప్పి ఉంది. ఐలమ్మ వచ్చి గుడ్డ తీసింది.

గంజు నిండా పచ్చటి అన్నం. అంచు దాకా. పొగలు కక్కుతోంది.

ఐలమ్మ గరిటె నిండా తీసి, వంగి, ముందు కొడుకు విస్తట్లో వేసింది.

"తిను కొడుకా. నీ సెల్లె ఒడిబియ్యం. వండి పదిమందికి పెట్టాలె గదా. అది లేకపాయె, నేను వండిన."

భూపాల్ చెయ్యి విస్తరి మీద గాల్లోనే ఆగిపోయింది. "అమ్మా, నీకు మతి... ఏవో బియ్యంల పసుపు కలిపి..."

"మామా." దీప గొంతు అది. మెల్లగానే అంది కానీ బంతి చివరి దాకా వినిపించింది. "ఐదు పిడికిళ్లన్నవ్ గదా. మిగిలినయి మా అమ్మ ఆటోల తీస్కపోయిందన్నవ్ గదా. మరి ఇవేడికెల్లి వచ్చినయ్?"

ఐలమ్మ బొడ్లోంచి ఒక తువ్వాల తీసి కొడుకు ముందు పరిచింది. పసుపు మరకలు, రెండు ఖర్జూరాలు, మడత విప్పని రవికెగుడ్డ.

"గుమ్మిల, జొన్నల కింద దొర్కింది. ముడి నా బిడ్డ ఏసుకున్నదే. నన్ను గుడికాడ దీపం బెట్టి రమ్మని తోలిన్రు. వచ్చేతల్లకు బాలామణి పోయిందన్నరు. బియ్యం ఇడిసిపెట్టి పోతదా? ఆడిబిడ్డ పాణమన్న ఇడుస్తది గని ఒడిబియ్యం ఇడుస్తదా కొడుకా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ భూపాల్ పెళ్లాం ఒక్కసారి బావురుమంది. "పారబొయ్యమని నేను చెప్తనే ఉన్న! ఆయ్నే వద్దన్నడు. పాపం తలుగుతదన్నడు. సంతకం పెట్టనన్నదని గొంతు పట్టిండు, సంపాలని కాదు, జర భయపెడదామని..." అని నోరు మూసుకుంది. ఆలస్యమైపోయింది అప్పటికే.

తోడబుట్టినదాన్ని చీకటి పడగానే వ్యాన్లో వేసుకెళ్లి రాళ్ల గుంతలో పారేయడానికి చేతులొచ్చాయి వాడికి. బియ్యం పారబోయడానికి రాలేదట! పాపం తగులుతుందట! నాకు ఒళ్లు మండిపోయింది. విస్తరి తీసి వాడి మొహాన కొట్టేదాన్నే, దీప నా చెయ్యి పట్టుకోకపోతే.

మొగిలయ్య విస్తరి ముందు నుంచి లేచాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "భూపాలన్నా, లే" అన్నాడు. భూపాల్ లేవలేదు, పారిపోనూ లేదు. తల్లి వైపే చూస్తూ ఉండిపోయాడు. "అమ్మా, నువ్వే గిట్ల జేస్తివా?" అన్నాడు.

"కొడుకును పట్టియ్యనీకి నాకు నోరు రాలె. బువ్వ వండిన" అంది ఐలమ్మ. గరిటె ఇంకా చేతిలోనే ఉంది.

దీప సంచి ఒళ్లోంచి తీసుకుని నేను లేచాను. ఇద్దరం ఆటో ఎక్కి నాచారం వచ్చేశాం. దారిలో అది ఒక్కటే అడిగింది. "టీచర్, నాయ్నకు నేను ఏమన్ననో మీకు యాదికుందా?" ఆ బెల్లం దిమ్మే నా కళ్ల ముందు కదులుతోంది. తాగి తాగి నడవలేని మనిషి, పెళ్లాం ఒడిబియ్యం తెస్తుందని, పరమాన్నం వండుతుందని, ఎక్కడెక్కడో తిరిగి బెల్లం మోసుకొచ్చి పెట్టుకున్నాడు. అది ముందు నుంచీ చెబుతూనే ఉన్నాడు.

ఉప్పలయ్య బయటికి రావడానికి చాలా రోజులు పట్టింది. లోపలేయడానికి ఉన్న తొందర వదలడానికి ఉండదు కదా. ఈలోగా దీప రాత్రి నా దగ్గర పడుకుని, పగలు గుట్ట మీద గేదెల్ని చూసుకునేది. కోడలు తలుపేసుకుంటే ఐలమ్మ చిన్న మూటతో గుట్ట ఎక్కి వచ్చింది. దీప ముందు పలకరించలేదు. తర్వాత చాప వేసింది. ముసలావిడ గేదెలకి గడ్డి వేసేది.

ఉప్పలయ్య వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. గడ్డం తీసేసి, సగం అయిపోయి, గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రావడానికి కూతురి అనుమతి కావాలన్నట్టు చూశాడు. దీప వెళ్లి చెయ్యి పట్టుకుంది. "నాయ్నా, లోపటికి రా" అంది. ఇద్దరూ అక్కడే ఏడ్చారు. నేను ముక్కు చీదుకుంటూ గేదెల వైపు తిరిగాను.

అప్పుడు ఐలమ్మ తన మూట విప్పింది. అందులో ఇంకో చిన్న గుడ్డ. అందులో పచ్చటి బియ్యం, పచ్చివి.

"ఇవి ఐదు పిడికిళ్లు, నిజమైనయి. బాలామణి తన చేత్తోని మా దేవునర్రల పెట్టింది. నా ఇల్లు సల్లగుండాలెనని" అంది.

వాళ్ల బెల్లం పోలీసులు పట్టుకుపోయారు. నేను ఇంటికెళ్లి నా డబ్బాలోది తెచ్చాను. దీప పొయ్యి మీద పరమాన్నం పెట్టింది. ఆ ఇంట్లో పిండిన చిక్కటి పాలే పోసింది. నీళ్లు కలపలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

నాలుగు పళ్లాల్లో పెట్టింది. ఉప్పలయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేనూ తిన్నాను. గింజ కూడా మిగల్చలేదు. ఐలమ్మ మాత్రం పళ్లెం ముందు అలాగే కూర్చుంది.

"తిను అమ్మమ్మా" అంది దీప.

ముసలావిడ తల ఎత్తలేదు. వేలితో ఒక్కొక్క గింజా పక్కకి జరుపుతూ, ఎవర్నీ కాకుండా, గోడని అడిగినట్టు అడిగింది. "నా కొడుకుకు ఆడ బువ్వ పెడ్తున్నరో లేదో."

దీప మొహం బిగుసుకుపోయింది. నేను తిట్టడానికే నోరు తెరిచాను. ఉప్పలయ్య చెయ్యి కడుక్కుని, అత్త పక్కకి జరిగి, పళ్లెం ఆమె దగ్గరికి నెట్టాడు.

"పెడ్తరు అత్తా" అన్నాడు. "రెండు పూటల పెడ్తరు. నువ్వు తిను."